ఇంబోడెన్ల చావు చీజ్

మా రోడ్డు చివర ఇంబోడెన్ల ఇల్లు. ఆ ఇంటి కింద నేలమాళిగలో, ఇంట్లో బతికున్న ప్రతి మనిషికీ ఒక చీజ్ చక్రం ఉండేది. తినడానికి కాదు. తినడానికే, కానీ ఆ మనిషి పోయిన రోజున. శవపేటిక మోసినవాళ్ళు, గొయ్యి తవ్వినవాళ్ళు, ఏడ్చి అలిసిపోయినవాళ్ళు తినడానికి. ఇంట్లో బిడ్డ పుడితే ఆ వేసవిలో ఒకటి చేసి పక్కన పెట్టేవాళ్ళు. కోడలు వస్తే కోడలికొకటి. పైన తోలు గట్టిపడకముందే ఆ మనిషి పేరులో మొదటి అక్షరం కత్తి మొనతో గీసేవాళ్ళు. ఇక ఆ మనిషి బతికినన్నాళ్ళూ అది చెక్క బల్ల మీద కూర్చుని ఎదురుచూసేది.

వాళ్ళు వాలిస్ కొండలవాళ్ళు. మేమంతా గ్లారుస్ నుంచి వచ్చిన కుటుంబాలం. బయటివాళ్ళ లెక్కలో అందరం స్విట్జర్లాండు వాళ్ళమే, అందరం విస్కాన్సిన్‌లో ఆవుల్ని పితుక్కు బతికేవాళ్ళమే. మాకు మాత్రం తేడా తెలుసు. వాళ్ళు కాథలిక్కులు, మేము కాదు. వాళ్ళ యాసలో సగం మా చెవికెక్కేది కాదు. ఆ చక్రాల సంగతి విని మావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. "బతికుండగానే దినానికి సరుకులు దించుకున్నార్రా" అని మా ఆయన పేకాట దగ్గర థియోడుల్ ఇంబోడెన్‌ని ఆటపట్టించేవాడు. చావు చీజ్ అని పేరు పెట్టింది కూడా మావాళ్ళే. థియోడుల్ నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి.

ఆ థియోడుల్‌ని మా సలోమే చేసుకుంది. సలోమే మా చిన్నాన్న కూతురు, నాకంటే చిన్నది. నన్ను రెగూలక్కా అని పిలిచేది. అతనిలో ఏం చూసి చేసుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. పొడుగ్గా ఉండేవాడు, అంతే. పెళ్ళి బలిపీఠం ముందు జరగలేదు. మతం వేరు కాబట్టి ఫాదరుగారి ఇంట్లో, ముందుగదిలో, గొడుగులు పెట్టుకునే స్టాండు పక్కన చేసి పంపించారు. పుట్టబోయే పిల్లల్ని కాథలిక్కులుగా పెంచుతానని మాటిచ్చింది. తను మాత్రం మారనంది. ఆదివారం పిల్లల్ని వాళ్ళ చర్చి మెట్ల దగ్గర దింపి, తను మా చర్చికి నడిచి వచ్చేది. జన్మలో సలోమే పట్టిన పంతం అదొక్కటే. ఆ ఒక్కదానికే తగిలింది దెబ్బ.

అత్తగారి పేరు క్రెసెంజియా. ఊరంతా పెద్దమ్మ అనేది. మనిషి చిన్నది, గొంతు పెద్దది. ఆ ఇంటి పాలన్నీ రోడ్డు కూడలిలో ఉన్న చీజ్ ఫ్యాక్టరీకే పోయేవి. కానీ పెద్దమ్మ మాత్రం ప్రతి వేసవీ, తొలికోత గడ్డి తిన్న ఆవుల పాలు కొన్ని ఆపి, పెరట్లో రాగి కాగు వేలాడదీసి, తన చేత్తో నాలుగైదు చక్రాలు చేసేది. పెళ్ళైన మొదటి వేసవి, కాగు కింద మంట పెట్టింది సలోమేనే. చక్రాలన్నీ చేసి గుడ్డలు ఆరేసేదాకా ఆగి అడిగింది. ఇదంతా సలోమే నాతో చెప్పిందే.

"అత్తమ్మా, ఇందులో నాదేది?"

"నీదా? మా బలిపీఠం ముందు మోకాళ్ళేసిన రోజున చేస్తాను."

"అది నావల్ల కాదు అత్తమ్మా. ముందే చెప్పాను కదా."

"అయితే నేనూ ముందే చెబుతున్నాను. సరేలే, వచ్చే వేసవికి చూద్దాంలే."

ఆ వచ్చే వేసవి రాలేదు. ఒక ఏడు వానల్లేవు, పాలు పలచబడ్డాయంది. ఒక ఏడు ఆవులకి పొదుగు వాపు. ఒక ఏడు యుద్ధం, పాలన్నీ ఫ్యాక్టరీకే పొయ్యాలంది. తరవాత తరవాత సాకు వెతుక్కునే శ్రమ కూడా మానేసింది. సలోమే అడగడం మానేసింది. కాగు దించేటప్పుడు పెద్దమ్మ తనంతట తనే, ఎటో చూస్తూ, "వచ్చే వేసవికి చూద్దాంలే" అనేసేది. ప్రార్థన చివర ఆమెన్ అన్నట్టు.

అత్త మంచీ వేము తీపూ ఎక్కడా లేవని మనకి తెలిసిందే. దానికి నేను బాధపడను. నా ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఆ చక్రాలన్నీ కడిగేది సలోమే. ప్రతి శనివారం ఉప్పునీళ్ళ బకెట్టు పట్టుకుని నేలమాళిగలోకి దిగాలి. ఒక్కొక్క చక్రాన్నీ దించి, గుడ్డ ముంచి తుడిచి, బూజు గీకి, బోర్లా తిప్పి పెట్టాలి. ఒక్క నెల వదిలేస్తే పురుగు పడుతుంది. పురుగు పడితే ఆ మనిషికి అరిష్టం అంటారు వాళ్ళు. ఇంటి కోడలే చెయ్యాలట ఆ పని. చక్రం పెట్టేటప్పుడు కోడలు కాదు, కడిగేటప్పుడు మాత్రం కోడలు.

మామగారిది ఒకటుండేది. థియోడుల్‌ది ఒకటి. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాళ్ళకి పుట్టిన వేసవికే చెరొకటీ వచ్చాయి. మూలన, అన్నిటికంటే పైబల్ల మీద, పెద్దమ్మది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ఊరికే ముట్టుకునేవాళ్ళు కాదు. పెద్దమ్మ పుట్టినప్పుడు వాళ్ళమ్మ కొండ మీద చేసిన చక్రం అది. పడవ ఎక్కి అమెరికా వచ్చేటప్పుడు పెద్దమ్మ దుప్పట్లు వదిలేసిందట గానీ దాన్ని వదల్లేదట. ఉన్ని లంగాలో చుట్టి, సముద్రం మీద అన్ని రోజులూ తలకింద పెట్టుకుని పడుకుందట. నల్లగా, గుర్రపు జీనులా మెరుస్తూ ఉండేది. మీద గీసిన అక్షరం కళ్ళకి కనబడదు, వేలికి తగులుతుంది. సలోమే దాన్ని మిగతావాటికంటే నెమ్మదిగా తుడిచేది. ఎందుకే అంటే, "ముసలిది కదక్కా" అనేది. చక్రాన్నందో అత్తగారినందో నేను అడగలేదు.

నాకు నోరు ఆగదు. ఒక చలికాలం పాలు పితికే వేళకి వాళ్ళ కొట్టంలోకి వెళ్ళాను. బయట మంచు నడుం లోతుంది. సలోమే ఆవు డొక్కకి నుదురు ఆనించి పితుకుతోంది. ఆమె నిద్రపోతోందో మేలుకుని ఉందో ఆవుకే తెలియాలి.

"ఏమే, నీకు చేతుల్లేవా? పాలు లేవా? నువ్వే ఒకటి చేసుకుని బల్ల మీద పెట్టేసుకోవచ్చు కదా?" అన్నాను.

"ఎవరిది వాళ్ళు చేసుకోకూడదక్కా."

"ఎవరు చెప్పారు?"

"అది వాళ్ళ పద్ధతి. ఇంట్లోవాళ్ళు పెట్టాలి. మనకి మనం పెట్టుకుంటే అది ఉత్త చీజే."

"ఉత్త చీజైతే ఏం? ఎలాగూ తినేది నువ్వు కాదు కదా?"

సలోమే పితకడం ఆపలేదు. "తినేది నేను కాదు కాబట్టేగా బాధ. నేను పోయాక ఆ ఇంటికి నలుగురు వస్తారు. ఇంట్లోవాళ్ళందరికీ పెట్టినట్టు నాకూ పెడితే, అవును, ఈవిడ ఈ ఇంటి మనిషి అనుకుంటారు. పెట్టకపోతే, పాపం ఎవరో పనిమనిషి పోయినట్టుంది అనుకుంటారు. అంతే."

"పోనీ ఒక్కసారి వాళ్ళ చర్చిలో మోకాళ్ళెయ్యి. ఏం పోతుంది?"

"నీకు తెలుసు కదా ఏం పోతుందో," అంది. నాకు తెలుసు. ఆ ఇంట్లో తనదంటూ మిగిలింది అదొక్కటే.

నా కోపం తీరక తిరుగుదారిలో థియోడుల్‌ని పట్టుకున్నాను. పందులకి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన విరుగుడు నీళ్ళు పోస్తున్నాడు.

"ఏమయ్యా మరిదీ, మీ అమ్మని ఒక్క మాట అడగలేవా?"

"అడుగుతాను వదినా."

"ఎప్పుడు?"

"సమయం చూసి."

"మీ పందుల్ని అడగమను. వాటికైనా గొంతు ఉంది."

అతను తల వంచుకుని బకెట్టు గీకుతూ నిలబడ్డాడు. సమయం చూస్తూ చూస్తూ అతని జుట్టు నెరిసింది.

సలోమే గురించి చెప్పమంటే పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. తెల్లారకుండా లేచేది, పితికేది. సాయంత్రం మళ్ళీ పితికేది. ఆవుకి ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు, పురిటి మంచం లేదు. పిల్లలు పుట్టిన మూడోనాడు కొట్టంలో ఉంది. ఎవరైనా ఎలా ఉన్నావే అంటే, "కాస్త నిద్ర చాలలేదు" అనేది. ఆ మాట పెళ్ళైన కొత్తలో అంటే అందరం నవ్వాం. జుట్టు తెల్లబడ్డాక కూడా అదే మాట. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారు. అది కూడా ఎరగదు. పాలక్యాన్ని ఒక్కనాడు కూడా గట్టిగా కింద పెట్టలేదు. ఒకటి మాత్రం ఉండేది. నలుగురిలో ఉంటే చేతులు ఏప్రన్ కింద దాచుకునేది. చర్చిలో ఏప్రన్ లేకపోతే కోటు జేబుల్లో. మా ఊరి తిరనాళ్ళలో డాన్సుకి ఎవరైనా చెయ్యి చాపితే వెనక్కి జరిగేది. "మహారాణిగారు చేతులు కందిపోతాయని దాస్తున్నారు" అని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో. నవ్వేది.

మామగారు పోయినప్పుడు ఆయన చక్రం కోశారు. ఎముకలు కోసే రంపం తెచ్చి థియోడుల్ చెమటలు కక్కాడు. పెద్దమ్మ ముక్కలు పళ్ళెంలో పెట్టి ఒక్కొక్కరి దగ్గరికీ తనే తీసుకెళ్ళింది. "ఒక్క పురుగు లేదు చూడండి" అని గర్వంగా చెప్పుకుంది. సలోమే తలుపు పక్కన కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క పురుగు లేకుండా చూసింది ఎవరో, పెద్దమ్మని పక్కన పెడితే, ఆ గదిలో ముగ్గురికి తెలుసు, సలోమేకి, థియోడుల్‌కి, నాకు. ముగ్గురిలో ఒకరికే చెప్పే నోరుంది. ఆ ఒక్కరూ చెప్పలేదు. ఇద్దరు ఆడపిల్లలూ పెళ్ళిళ్ళై వెళ్తూ తమ చక్రాలు కారు వెనక సీట్లో పెట్టుకుని తీసుకెళ్ళారు. బల్ల మీద రెండు మిగిలాయి, కొడుకుదీ తల్లిదీ.

పెద్దమ్మ చావదని మావాళ్ళు పందేలు కాసేవాళ్ళు. ఆవిడ చీజ్ లాగే ఆవిడా ఎండి గట్టిపడిపోయిందని నవ్వేవాళ్ళు. చూపు మందగించింది, నడుం వంగింది, గొంతు మాత్రం తగ్గలేదు. ఇంతలో ముందు పడిపోయింది సలోమే.

వసంతం మొదట్లో కడుపు నొప్పి అంది. ఆవులు ఈనే రోజులు కదా అని ఊరుకుంది. పొలం పనులు మొదలయ్యేసరికి తిండి దిగడం మానేసింది. పట్నం ఆస్పత్రిలో చూసి, ఇంక ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు. కింద ముందుగదిలో, పొయ్యి పక్కన మంచం వేశారు. నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. ఆమె ముఖంలో నొప్పి కంటే ఎక్కువగా నాకు కనబడింది ఏంటంటే, పడుకోవాల్సొచ్చిన ఇబ్బంది. పగటిపూట పడుకోవడం ఆమెకి చేతకావట్లేదు. ఆవు అరిచినప్పుడల్లా లేవబోయేది.

ఒక శనివారం నేను అక్కడుండగానే పెద్దమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుంది. నేను లేచి వెళ్ళబోయాను.

"నువ్వు కూర్చో. నీ నోరు ఊరంతా తిరుగుతుంది కదా. విని సరిగ్గా చెప్పు," అంది నాతో. కూర్చున్నాను.

"ఏమే, మెలకువగానే ఉన్నావా?" అంది కోడలితో.

"ఉన్నాను అత్తమ్మా."

"నీకు నాది పెడతాను."

సలోమేకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నా చక్రమే. మా అమ్మ చేసింది. నీ రోజున అది కోస్తారు. ప్రార్థన మీ చర్చిలోనే పెట్టుకోండి. నేను వస్తాను."

"మీదెందుకు అత్తమ్మా?"

"ఈ మధ్య చేసినవి లేవు కదా, ఏం పెట్టను? నా చేతులు ఇంక కాగు ఎత్తవు. అయినా మా అమ్మ దాన్ని ఒక్కరోజు చేసింది. నేను కొన్ని వారాలు మోశాను. మిగతాదంతా నువ్వు కడిగిందే. నువ్వు కడక్కపోతే ఏనాడో పిండి అయిపోయేది. నాకు తెలీదనుకున్నావా?"

తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలిసే ఉందన్నమాట. నాకు ఆవిడ మెడ పట్టుకోవాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"మరి మీకు?" అంది సలోమే.

పెద్దమ్మ కర్ర వైపు చూసింది. "నాదా," అంది. "వచ్చే వేసవికి చూద్దాంలే."

సలోమే నవ్వింది. కడుపు పట్టుకుని, నొప్పికి కళ్ళు మూసుకుని, చప్పుడు లేకుండా నవ్వింది. ఆ ముసలావిడ పెదాలు కూడా అదిరాయి. అత్తాకోడళ్ళు కలిసి ఒక మాటకి నవ్వడం నేను చూసింది అదొక్కసారే. నవ్వు ఆగాక సలోమే కళ్ళు తెరవకుండానే అడిగింది.

"అయితే అత్తమ్మా, ఇంక దాన్ని కడగక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు."

"ఈరోజు శనివారం కదూ?"

"అవును. పడుకో."

పడుకుంది. కొట్టంలో ఆవు అరిచింది, లేవబోలేదు. ఆ రోజే పోలేదు, ఇంకో వారం పైన ఉంది. కానీ ఆ తరవాత మేం ఎవరం ఆమెని లేవొద్దని చెప్పాల్సిన పని రాలేదు.

పెద్దమ్మ మాట నిలబెట్టుకుంది. వాళ్ళ ఫాదరుగారు మా చర్చి గడప తొక్కకూడదన్నారట. "నరకం ఎంత దూరమో ఈ వయసులో ఆయనకంటే నాకే బాగా తెలుసు" అందట. థియోడుల్ ట్రక్కులో ముందు సీట్లో ఆవిడ, ఆవిడ ఒళ్ళో ఉన్ని గుడ్డలో చుట్టిన చక్రం. మా చర్చిలో వెనక బెంచీ మీద, పాటకి లేవకుండా, తన జపమాల తను తిప్పుకుంటూ కూర్చుంది. సమాధి దగ్గరికి కూడా వచ్చింది. తరవాత చర్చి కింద హాల్లో మావాళ్ళు కాఫీ, హామ్, బంగాళాదుంపలు సిద్ధం చేశారు. నడిమి బల్ల మీద అవి జరిపించి పెద్దమ్మ చక్రం పెట్టించింది. థియోడుల్ రంపం పట్టాడు. కోయలేక మధ్యలో ఆగి ఏడ్చాడు. మా ఆయన లేచి వెళ్ళి రంపం అందుకున్నాడు. చావు చీజ్ అని జన్మంతా నవ్విన మనిషి.

లోపల రంగు పాత తేనె రంగు. ముందు మైనం నమిలినట్టుంది, తరవాత ఉప్పు, తరవాత ఎక్కడో గొంతు లోపల ఎండుగడ్డి వాసన వేసింది. పెద్దమ్మ పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. "మా కోడలిది," అంది. "తినండి, మా కోడలిది." మా ఊళ్ళో అంతమంది గ్లారుస్ వాళ్ళున్నారు. ఒక్కరు కూడా వద్దనలేదు.

నేను తిన్నాను. తిని కూడా క్షమించలేదు, చెబుతున్నాను. ఆ మాట అనడానికి ఆమె పోయేదాకా ఆగాలా? ఏదో ఒక వేసవిలో, కాగు దించుతూ, ఎటో చూస్తూ అయినా అనొచ్చు కదా? పంతాలు పట్టినవాళ్ళిద్దరూ గెలిచారు, మోకాళ్ళు ఒకరూ వెయ్యలేదు, నిజమే. ఆ గెలుపు ఏం చేసుకోవాలో నాకు తెలీదు.

ఆ తరవాతి శనివారం ఖాళీ పళ్ళేలు తీసుకోవడానికి ఇంబోడెన్ల ఇంటికి వెళ్ళాను. వంటింట్లో ఎవరూ లేరు. నేలమాళిగ తలుపు తీసి ఉంది. చూస్తే పెద్దమ్మ మెట్ల మీద వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగుతోంది. చేతిలో బకెట్టు, ఉప్పునీళ్ళు సగం లంగా మీదే ఒలికిపోయాయి.

"ఏంటి పెద్దమ్మా ఇది? పడితే ఎవరు లేపుతారు?"

"వాడిది ఒకటుంది కదా. పురుగు పడుతుంది."

"పడనివ్వండి."

"నోర్ముయ్. కడగాలి," అంది. గొంతులో బలం లేదు. నేను దిగి బకెట్టు లాక్కున్నాను. ఆవిడ మెట్టు మీదే కూలబడింది.

పైబల్ల ఖాళీగా ఉంది. దాని కింద థియోడుల్‌ది ఒక్కటే. దించి, గుడ్డ నీళ్ళలో ముంచి, పిండి, తుడవడం మొదలుపెట్టాను. నావీ పాలు పితికే చేతులే, చలికి పగిలిన చేతులే. పగుళ్ళన్నిట్లోకీ ఉప్పునీళ్ళు ఒక్కసారిగా దిగాయి. చీజ్ కింద పడెయ్యబోయి ఆపుకున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేశాయి. చేతులు వెంటనే ఏప్రన్ కింద దాచుకున్నాను.

మెట్టు మీంచి పెద్దమ్మ నా వైపే చూస్తోంది.

"మండుతుంది," అంది. "రెండో వైపు కూడా తుడువు."